బొటనవేలంత చోట ప్రాణం

1916-17 చలికాలంలో వియన్నా నగరంలోని నాడీవ్యాధుల ఆసుపత్రికి ఒక వింత జబ్బుతో మనుషులు రావడం మొదలైంది. మొదట జ్వరం, తలనొప్పి. ఆ తర్వాత నిద్ర. కూర్చుంటే కూర్చున్నచోటే నిద్ర, నడుస్తూ నడుస్తూ నిద్ర, తింటూ నోట్లో ముద్ద ఉండగానే నిద్ర. గట్టిగా తట్టి లేపితే లేచేవారు. అడిగినదానికి సరిగ్గానే జవాబు చెప్పి వెంటనే మళ్లీ కళ్లు మూసేవారు. కొందరు వారాల తరబడి అలా పడుకుని నిద్రలోనే పోయారు. అదే జబ్బు సోకిన మరికొందరికి మాత్రం రాత్రీ పగలూ కంటిమీద కునుకు లేదు.

అక్కడి డాక్టరు కాన్‌స్టాంటిన్ వాన్ ఎకనామో 1917లో ఈ జబ్బు లక్షణాలు రాసి, ‘ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా’ అని పేరు పెట్టారు. చనిపోయినవాళ్ల మెదళ్లను పలచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూశారు. అసలు దెబ్బ కనిపించింది మెదడు లోతుల్లో. నిద్ర వదలనివాళ్లలో మెదడు కాండం పైకొస, హైపోథాలమస్ వెనుక భాగం కలిసేచోట వాపు ఉంది. నిద్రపట్టనివాళ్లలో హైపోథాలమస్ ముందు భాగం దెబ్బతింది. అలసిన మెదడు తనంతట తాను ఆగిపోతే నిద్ర వస్తుందని అప్పటిదాకా చాలామంది నమ్మేవారు. ఎకనామో పరిశీలన ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. మెలకువ దానంతటదే ఉండదు. దాన్ని క్షణక్షణం నిలబెట్టే చోటు ఒకటుంది. అది చెడితే మిగతా మెదడు ఎంత బాగున్నా మనిషి లేవడు.

ఆ చోటు ఉన్న మెదడు కాండం మెలకువను కాయడంతో సరిపెట్టుకోదు. ఊపిరి, రక్తపోటు, మింగడం, దగ్గడం, నిద్రలో ఒళ్లు కదలకుండా ఉండటం... మనం తలచుకోకుండానే జరిగిపోయే పనుల్లో చాలాభాగం అక్కడి నుంచే నడుస్తాయి. ప్రమాదం జరిగి ఐసీయూ బయట కూర్చున్న కుటుంబం తీసుకోవాల్సిన అతి కష్టమైన నిర్ణయం కూడా ఆ చోటు పనిచేస్తోందా లేదా అన్నదాని మీదే ఆధారపడుతుంది. అందుకే దీని గురించి డాక్టర్లకు తెలిస్తే చాలదు, మనకూ తెలియాలి.

అల్లుకుపోయిన కణాలు

పదో తరగతి జీవశాస్త్రంలో మజ్జాముఖం బొమ్మ చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెన్నుపాము పుర్రెలోకి ప్రవేశించి లావెక్కే చోటు అది. దానిపైన పాన్స్, ఆపైన మధ్య మెదడు. ఈ మూడూ కలిస్తే మెదడు కాండం, ఆసుపత్రి భాషలో బ్రెయిన్‌స్టెమ్. పొడవు 7-8 సెంటీమీటర్లు, లావు ఇంచుమించు బొటనవేలంత. పెద్దమెదడు నుంచి కాళ్లూచేతులకు వెళ్లే ఆజ్ఞలు, ఒంటి నుంచి పైకి చేరే స్పర్శ, నొప్పి అన్నీ ఈ ఇరుకు దారిలోంచే పోవాలి.

ఆ దారుల నడుమ, కాండం పొడవునా, గట్లు స్పష్టంగా తెలియకుండా అల్లుకుపోయిన నాడీకణాలు ఉన్నాయి. జర్మన్ శాస్త్రవేత్త ఓటో డైటర్స్ వీటిని శ్రద్ధగా వర్ణించారు. 29 ఏళ్ల వయసులోనే, 1863లో ఆయన చనిపోయారు. ఆ వర్ణన ఉన్న ఆయన పుస్తకం 1865లో వెలువడింది. చూడటానికి వలలా ఉండటంతో ఈ అల్లికకు రెటిక్యులర్ ఫార్మేషన్ అన్న పేరు స్థిరపడింది.

1958లో లాస్ ఏంజెలెస్‌లో షైబెల్ దంపతులు ఈ కణాలకు రంగు పట్టించి చూసినప్పుడు వాటి తీరు ఇంకా బాగా తెలిసింది. ఒక్కో కణం నుంచి బయల్దేరిన పోగు రెండుగా చీలుతోంది. ఒక కొమ్మ పైకి మెదడు వైపు, ఇంకొకటి కిందికి వెన్నుపాము వైపు వెళుతోంది. దారిపొడవునా లెక్కలేనన్ని చిన్న రెమ్మలు. అంటే మనసును మేల్కొలిపే అల్లికా ఒంటిని సిద్ధం చేసే అల్లికా ఒకదానికొకటి దూరం కావు. అర్ధరాత్రి పెద్ద చప్పుడైతే మెలకువ రావడం, గుండె దడదడలాడటం, ఒళ్లు బిగుసుకోవడం అన్నీ ఒక్కసారిగా జరిగేది ఇందుకే.

షికాగోలో మారిన గీతలు

బెల్జియం శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బ్రెమెర్ 1935లో పిల్లుల మీద ఒక ప్రయోగం చేశారు. మెదడు కాండాన్ని మధ్య మెదడు దగ్గర కోసేస్తే పైభాగం ఎప్పుడూ నిద్రలోనే ఉన్నట్టు, మెదడు విద్యుత్ అలలను గీతలుగా గీసే ఈఈజీ చూపింది. అదే కోత కాండానికీ వెన్నుపాముకూ మధ్య పెడితే నిద్రా మెలకువా మామూలుగానే వచ్చిపోయాయి. చూపు, వినికిడి, స్పర్శల కబుర్లు అందకపోవడం వల్ల మెదడు నిద్రలోకి జారుకుంటోందని ఆయన అనుకున్నారు. సబబైన ఊహే. కాకపోతే అసలు సంగతి అది కాదు.

ఆ తర్వాత ఇటలీ నుంచి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో వచ్చిన జ్యుసెప్పె మొరుజ్జి షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో హొరేస్ మెగూన్‌తో కలిసి పనిచేశారు. మత్తులో ఉన్న పిల్లి మెదడు నుంచి ఈఈజీ కాగితం మీద పెద్దపెద్ద నిదానమైన అలలు వస్తున్నాయి. రెటిక్యులర్ ఫార్మేషన్‌కు సన్నగా కరెంటు తాకించగానే ఆ అలలు మాయమై గీత చదునైపోయింది. మెదడు మూగబోయినట్టే కనిపించింది. యంత్రం సున్నితత్వం పెంచి చూస్తే ఆ చదును గీతలో వేగంగా కదిలే చిన్నచిన్న అలలు నిండి ఉన్నాయి. మెలకువగా, చురుగ్గా ఉన్న మెదడు గీత సరిగ్గా అలాగే ఉంటుంది. 1949లో అచ్చయిన ఈ ఫలితం నాడీశాస్త్రం నడకనే మార్చింది.

మెగూన్ బృందంలోని డొనాల్డ్ లిండ్‌స్లీ తదితరులు మిగిలిన అనుమానం కూడా తీర్చారు. ఇంద్రియాల దారులు కోసి నడిమి అల్లికను వదిలేస్తే జంతువు మెలకువగా ఉంది. దారులు వదిలి అల్లికను పాడుచేస్తే చప్పుడు సంకేతం మెదడు పైపొర దాకా చేరినా జంతువు లేవలేదు. శబ్దం చెవిన పడితే చాలదు, దాన్ని అందుకోవడానికి మెదడు మేలుకొని ఉండాలి.

ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ అల్లిక ఒకే ముద్ద కాదని, వేర్వేరు రసాయనాలతో పనిచేసే అనేక కణ సమూహాల కలయిక అని తేలింది. లోకస్ సెరూలియస్ అనే నీలిరంగు మచ్చలాంటి చోటు నుంచి నోరడ్రినలిన్, నడిగీత వెంబడి ఉండే రాఫే కేంద్రాల నుంచి సెరటోనిన్ మెదడంతా పాకుతాయి. 2016లో అమెరికా పరిశోధకులు కాండం దెబ్బతిన్న 36 మంది రోగుల స్కానులను పోల్చారు. వారిలో 12 మంది కోమాలోకి వెళ్లినవారు. ఆ 12 మందిలో 10 మందికి పాన్స్ పైభాగంలో, ఎడమవైపున, ఒకే చిన్న చోట దెబ్బ ఉంది. కోమాలోకి వెళ్లని 24 మందిలో ఆ చోట దెబ్బ ఉన్నది ఒక్కరికే. ఆ చోటు పరిమాణం దాదాపు 2 ఘన మిల్లీమీటర్లు, ఇంచుమించు ఆవగింజంత.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో, యూట్యూబ్ వీడియోల్లో ‘మీ కోరికను రోజూ రాసుకోండి, మీ రెటిక్యులర్ వ్యవస్థ దాన్ని వెతికి పెడుతుంది’ అనే మాట బాగా వినబడుతోంది. అది మొరుజ్జి, మెగూన్‌ల పనిలోంచి వచ్చిన మాట కాదు. ఈ అల్లిక మెదడును మేలుకొలుపుతుంది. దేన్ని కోరాలో, ఏది మనకు ముఖ్యమో తేల్చే పనిలో పెద్దమెదడుదే పెద్ద పాత్ర. ఇన్ని ప్రాణాలకు ఆధారమైన చోటును డబ్బు తెచ్చిపెట్టే మంత్రంగా చెప్పడం సైన్సుకు అన్యాయం చేయడమే.

ఊపిరికి రెండు దారులు

విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి 12 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తాడు. రోజుకు ఇంచుమించు 20,000 సార్లు. గుండెకు తన లయ తనలోనే ఉంది. ఊపిరితిత్తులకు ఆ సొంత లయ లేదు. మజ్జాముఖం నుంచి ఆజ్ఞ రాకపోతే ఉదరవితానం కదలదు.

ఆ లయ ఎక్కడ పుడుతుందో 1991లో జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్ బృందం చూపించింది. అప్పుడే పుట్టిన ఎలుక మజ్జాముఖం నుంచి పలచని ముక్క కోసి పోషక ద్రవంలో ఉంచారు. ఊపిరితిత్తులు లేవు, ఛాతీ లేదు, పెద్దమెదడు లేదు. అయినా ఆ ముక్క లోంచి ఊపిరి తీసే ఆజ్ఞ ఒక లయలో వెలువడుతూనే ఉంది. ఆ చోటుకు ప్రీ-బోట్జింగర్ కాంప్లెక్స్ అని పేరు పెట్టారు. బోట్జింగర్ అనేది జర్మనీలో ఒక వైన్ పేరు. అక్కడి ఒక శాస్త్ర సమావేశంలో బల్ల మీదున్న సీసాను చూసి పక్కనున్న ప్రాంతానికి ఫెల్డ్‌మన్ ఆ పేరు పెడితే, దాన్నిబట్టి దీనికీ వచ్చింది.

నిట్టూర్పు కూడా ఇక్కడి పనే. మనసు బాగోలేనప్పుడే నిట్టూరుస్తామనుకుంటాం. నిజానికి ప్రతి మనిషీ దాదాపు ఐదు నిమిషాలకోసారి, తనకు తెలియకుండానే, మామూలు ఊపిరికి రెట్టింపు గాలి లోపలికి తీసుకుంటాడు. ముడుచుకుపోయిన గాలి తిత్తులు అలా మళ్లీ తెరుచుకుంటాయి. ఎలుకల్లో ఆ నిట్టూర్పును పుట్టించే కణాలను 2016లో గుర్తించారు.

ప్రాణాయామం చేసేవాళ్లు ఊపిరిని బిగబట్టగలరు, నిదానించగలరు. ఆ ఆజ్ఞ పెద్దమెదడు నుంచి వస్తుంది. అయితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ మజ్జాముఖంలోని కణాలు దాన్ని పసిగడతాయి. కొంతసేపటికి ఎంత పట్టుదల ఉన్నా కుంభకం వీడక తప్పదు. ఇచ్ఛతో తీసే ఊపిరికీ, దానంతటది నడిచే ఊపిరికీ వెన్నుపాములో దారులు కూడా వేర్వేరు. 1962లో అమెరికా వైద్యులు సెవరింగ్‌హాస్, మిచెల్ దీన్ని కళ్లారా చూశారు. మెడ పైభాగంలో శస్త్రచికిత్స అయిన కొందరు రోగులు ‘ఊపిరి తీసుకోండి’ అంటే తీసుకుంటున్నారు, నిద్రపోతే మానేస్తున్నారు. పుట్టుకతోనే ఇలాంటి లోపం ఉన్న పిల్లలూ ఉంటారు. ఫాక్స్2బి అనే జన్యువులో మార్పు వల్ల ఇది వస్తుందని 2003లో తేలింది. మెలకువలో ఆడుకునే ఆ పిల్లలకు రాత్రి నిద్రలో వెంటిలేటర్ కావాలి.

నల్లమందు జాతి మందులు, నిద్రమాత్రలు, మద్యం చేటు చేసేది కూడా ఊపిరిని నడిపే ఈ చోటుకే. విడివిడిగా కన్నా కలిపి తీసుకుంటే ముప్పు బాగా ఎక్కువ. తెలంగాణలో ఎక్సైజ్ అధికారులు పట్టుకునే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కనబడుతుంటాయి. ఇవన్నీ నాడీకణాలను జోకొట్టేవే. ‘తాగి పడుకున్నాడు, పొద్దున్నే లేస్తాడులే’ అని వదిలేసిన మనిషి గురక బరువెక్కి, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతుంటే అది నిద్ర కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

లేచి నిలబడేంతలో

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి 700 మిల్లీలీటర్ల దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగిపోతుంది. మెడలోని కెరోటిడ్ ధమని గోడల్లో ఉన్న నాడులు ఒత్తిడి తగ్గిన సంగతిని మజ్జాముఖానికి చేరవేస్తాయి. అక్కడి కణాలు రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచుతాయి. రెండు మూడు గుండె చప్పుళ్లలో మొదలయ్యే పని ఇది. మెడలోని ఇలాంటి ఏర్పాటు ఊపిరిని ఎలా అదుపు చేస్తుందో చూపినందుకే బెల్జియం శాస్త్రవేత్త కార్నీల్ హేమాన్స్‌కు 1938 నోబెల్ వచ్చింది. పెద్దవయసులో, షుగర్ వల్ల నాడులు దెబ్బతిన్నవాళ్లలో, కొన్ని బీపీ మాత్రలు వాడేవాళ్లలో ఈ స్పందన మందగిస్తుంది. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై బీపీ 20 పాయింట్లు పడిపోతే డాక్టరుకు చెప్పాల్సిందే. ఇంట్లో పెద్దవాళ్లు రాత్రి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలని చెప్పడం వెనుక ఉన్న కారణం ఇదే.

మింగడమూ ఇక్కడి నుంచే నడుస్తుంది. గుటక పడేటప్పుడు దాదాపు 30 కండరాలు వరస తప్పకుండా కదలాలి, ఊపిరి ఒక్క క్షణం ఆగాలి. పక్షవాతం వచ్చినవాళ్లకు నీళ్లు తాగించగానే పొలమారుతుంటే ఆ వరస చెడిందని అర్థం. వాళ్లకు బలవంతంగా నోట్లో ఏదీ పోయకూడదు.

కలల వేళ మరో విచిత్రం. కలలో పరుగెత్తినా మంచం మీద కాళ్లు కదలవు. పాన్స్ నుంచి బయల్దేరే ఆజ్ఞ వెన్నుపాములోని కండరాల నాడులను ఆ కాసేపూ అణచిపెడుతుంది. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మిషెల్ జువే పిల్లుల్లో ఆ చోటును పాడుచేస్తే అవి నిద్రలోనే లేచి వేటాడాయి. మనుషుల్లో ఇలాంటి జబ్బును 1986లో మినియాపోలిస్ వైద్యులు షెంక్, మహోవాల్డ్ వర్ణించారు. యాభై దాటిన మనిషి నిద్రలో కేకలు వేస్తూ, పక్కనున్నవాళ్లను గుద్దుతుంటే గాలో ధూళో అనుకుని తాయెత్తు కట్టించకండి. ఇలాంటివాళ్లలో చాలామందికి కొన్నేళ్ల తర్వాత పార్కిన్సన్స్ బయటపడుతుంది. నాడీవ్యాధుల నిపుణుడిని కలవాలి.

కోమా వేరు, ఇది వేరు

1995 డిసెంబరు 8న ఫ్రెంచి పత్రిక ‘ఎల్’ ప్రధాన సంపాదకుడు జాన్-డొమినిక్ బోబీకి మెదడు కాండంలో పక్షవాతం వచ్చింది. వయసు 43. కొన్ని వారాల కోమా నుంచి బయటికి వచ్చేసరికి ఎడమ కనురెప్ప తప్ప ఒళ్లంతా చచ్చుబడింది. మనసు మాత్రం చెక్కుచెదరలేదు. అక్షరాలు ఒక్కొక్కటే చదువుతుంటే కావాల్సినదాని దగ్గర రెప్ప ఆడించి ఒక పుస్తకమే రాయించారు. 1997 మార్చిలో అది వెలువడిన కొద్దిరోజులకే ఆయన చనిపోయారు. ఇలాంటి స్థితిలో కాండం ముందు భాగంలోని ఆజ్ఞల దారులు తెగిపోతాయి, వెనుక భాగంలోని అల్లిక బతికి ఉంటుంది. అందుకే మనిషి మెలకువగానే ఉంటాడు, అన్నీ వింటాడు.

మన పల్లెల్లో కట్లపాము కాటు కూడా మనిషిని ఇలాంటి స్థితిలోకే తోస్తుంది. ఈ పాము నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది. గాటు సరిగ్గా కనబడదు, నొప్పీ పెద్దగా ఉండదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, ఆపైన ఊపిరి కండరాలు పనిచేయకపోవడం. విషం నాడి కొసల్ని, కండరాన్ని కలిపే చోట పనిచేస్తుంది, మెదడు కాండాన్ని తాకదు. కంటిపాపలు కూడా వెలుతురుకు కదలకపోవచ్చు. చూసేవాళ్లకు చనిపోయినట్టే ఉంటుంది. లోపల మనిషి అంతా వింటూ ఉండవచ్చు. వెంటిలేటర్ మీద కొన్ని రోజులు నిలబెట్టగలిగితే లేచి ఇంటికి వెళతాడు. అందుకే కారణం తేలని రోగి విషయంలో పాముకాటు, పురుగుమందు, మత్తుమందులు, ఒళ్లు చల్లబడటం ఇవేవీ కావని నిర్ధారించుకున్నాకే డాక్టర్లు బ్రెయిన్‌డెడ్ పరీక్షలకు వెళ్లాలి.

మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం గుర్తించింది బ్రెయిన్‌స్టెమ్ మరణాన్ని. ఆ పరీక్షలు కాండాన్ని పైనుంచి కిందిదాకా తడిమి చూస్తాయి. కళ్లలో వెలుతురు వేస్తే పాపలు ముడుచుకుంటున్నాయా? దూదితో కంటి నల్లగుడ్డును తాకితే రెప్ప కదులుతోందా? చెవిలో మంచునీళ్లు పోస్తే కనుగుడ్లు తిరుగుతున్నాయా? గొంతులో గొట్టం కదిలిస్తే దగ్గు వస్తోందా? చివరిది ఊపిరి పరీక్ష. ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ ఆపి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పీడనం 60 దాటేదాకా చూస్తారు. మజ్జాముఖంలో ప్రాణం మిగిలి ఉంటే ఆ స్థాయిలో ఛాతీ కదిలి తీరాలి. నలుగురు డాక్టర్ల బృందం కనీసం 6 గంటల ఎడంతో రెండుసార్లు ఇదంతా చేయాలి. మార్పిడి చేసే బృందంలోని డాక్టర్లెవరూ ఇందులో ఉండకూడదు.

‘గుండె కొట్టుకుంటోంది, ఒళ్లు వెచ్చగా ఉంది, చనిపోయాడని ఎలా అంటారు?’ అని కన్నవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. గుండెకు సొంత లయ ఉంది కాబట్టి వెంటిలేటర్ ఆక్సిజన్ అందిస్తుంటే అది కొంతకాలం కొట్టుకుంటూ ఉంటుంది. వెన్నుపాము బతికే ఉంటుంది కాబట్టి ఒక్కోసారి చెయ్యి కూడా కదలవచ్చు. కోమాలో కాండం ఎంతోకొంత పనిచేస్తూ ఉంటుంది, తిరిగి లేచే అవకాశం ఉంటుంది. కాండమే పోయాక ఏ మందూ, ఏ యంత్రమూ మెలకువనూ ఊపిరినీ తెచ్చి ఇవ్వలేదు. ఇప్పటివరకు వైద్యానికి అది చేతకాలేదు.

ఆసుపత్రుల మీద అనుమానం మన సమాజంలో ఉంది, దానికి కారణాలూ ఉన్నాయి. ఆ అనుమానం తీరాలంటే మౌనంగా తల ఊపకండి, అడిగి తెలుసుకోండి. ఇది కోమానా, బ్రెయిన్‌స్టెమ్ మరణమా? ఊపిరి పరీక్ష చేశారా, రెండోసారి ఎప్పుడు చేశారు, సంతకాలు చేసిన నలుగురు ఎవరు? ఇవి అడిగే హక్కు కుటుంబానికి ఉంది, చెప్పే బాధ్యత డాక్టర్లది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అవయవదానం జీవన్‌దాన్ పేరుతోనే నడుస్తోంది. తెలంగాణలో దాన్ని నిమ్స్ నుంచి సమన్వయం చేస్తున్నారు. ఒక మనిషి గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు, క్లోమం, పేగులు కలిపి ఎనిమిది మంది దాకా బతికించగలవు. మీరు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకున్నా ఆ రోజు సంతకం పెట్టాల్సింది మాత్రం మీ ఇంట్లోవాళ్లే. మీ ఉద్దేశం ఏదైనా సరే, ఇవ్వాలనైనా వద్దనైనా, అందరూ ఇంట్లో ఉండే ఈ ఆదివారమే వాళ్లకు చెప్పండి.